పార్కులో చెట్లు కొట్టేస్తే బాబు ఆయాసం తగ్గుతుందా?

మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరు, కాలనీ పేరు బయటపెట్టొద్దని కోరారు.

రాసినావిడకు 36 ఏళ్లు. ప్రైవేటు బడిలో టీచరు. ఇంట్లో భర్త, అత్తమ్మ, తొమ్మిదేళ్ల బాబు. బాబుకు మూడేళ్లుగా ఆయాసం ఉంది. వాళ్ల ఇంటి ఎదురుగా, లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం వదిలిన 800 గజాల జాగా ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోకపోవడంతో అది తన ఇష్టం వచ్చినట్టు పెరిగింది. రెండు వేపలు, మూడు కానుగలు, ఒక చింత, రేగు పొదలు, సీతాఫలం, తంగేడు, ఒక పక్కంతా సర్కారు తుమ్మ, వానాకాలం వస్తే నడుము లోతు పిచ్చిగడ్డి, ఒక మూల చెత్త. పోయిన వానాకాలంలో అక్కడ రెండుసార్లు పాము కనిపించింది. అదే నెలలో కాలనీలో ఇద్దరికి డెంగీ వచ్చింది. దాంతో సంఘం వాళ్లు డబ్బులు పోగేసి, జాగా అంతా చదును చేయించి, చుట్టూ కోనోకార్పస్ మొక్కలు, మధ్యలో లాన్, టైల్స్, జిమ్ సామాన్లు పెట్టాలని నిర్ణయించారు. ఆ సంఘానికి కార్యదర్శి ఈవిడ భర్తే.

మీటింగులో ఈవిడ లేచి వద్దన్నారు. అందరి ముందూ ఆయన, "నీకు పిలగానికంటే చెట్లు ఎక్కువైనయా?" అన్నారు. ఇరవై రోజులుగా ఇద్దరి మధ్య మాటల్లేవు. రోజూ పొద్దున కానుగ కింద కుర్చీ వేసుకుని కూర్చునే అత్తమ్మ మాత్రం, "ఆ నీడ పోతే నేనెక్కడ కూసోవాలె బిడ్డా?" అని కోడల్ని అడిగింది. కొడుకును అడగలేదు.

చివర్లో ఇలా రాశారు: "చెట్లు, పిట్టలు, పురుగులు ఎన్ని రకాలుంటే మనుషుల ఆరోగ్యానికి అంత మంచిదని ఎక్కడో చదివాను. అది నిజమా, లేక నాకు ఇష్టమైన దాన్ని సైన్సు పేరు చెప్పి సమర్థించుకుంటున్నానా? నిజంగా ఆ చెట్ల వల్లే నా బిడ్డకు ఆయాసం వస్తుంటే నన్ను నేను క్షమించుకోలేను."

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్లు కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైనవాణ్ణి. బాబు మందుల విషయంలో మీ డాక్టరు గారి మాటే మాట. నేను చెప్పబోయే దాన్ని పట్టుకుని ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా ఆపొద్దు.

మీ మూడో పేజీలో, పాము సంగతి రాస్తూ మధ్యలో ఒక వాక్యం రాశారు. "వాచ్‌మన్ ఆదివారం ఆదివారం ఆకులన్నీ ఊడ్చి, చెత్త మూలకు వేసి అంటుపెడతాడు, చీకటి పడేదాకా పొగ పోదు." నాలుగో పేజీలో ఇంకెక్కడో, "సోమవారం వస్తే చాలు బడికి పోనంటాడు, రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు, స్కూలంటే భయమేమో అనుకుంటున్నాం" అన్నారు. ఈ రెండు మాటలూ మీరే రాశారు కానీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నాకైతే ఉత్తరం మొత్తంలో అదే పెద్ద విషయంగా కనిపించింది.

ఆయాసం ఉన్న పిల్లలకు పొగ పెద్ద శత్రువు. ఆకుల పొగ, అందులో కలిసిన ప్లాస్టిక్ కవర్ల పొగ, అగరుబత్తి, దోమల కాయిల్, సిగరెట్, అన్నీ ఒకే లెక్క. మా ఇంట్లో ఇది చూశాను. మా అమ్మకు ఆయాసం ఉండేది. పెరట్లో పొగడ చెట్టు ఉండేది, పూల వాసన వల్లే వస్తోందని ఎవరో చెబితే మా నాయన కొట్టించేశాడు. అమ్మ ఆయాసం వీసమెత్తు తగ్గలేదు. పన్నెండేళ్ల తర్వాత ఇంట్లోకి గ్యాస్ పొయ్యి వచ్చింది. ఆ ఏడు చలికాలంలో అమ్మ మొదటిసారి పడుకుని నిద్రపోయింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపేది. కట్టెల పొగ కళ్ల ముందే ఉంది, మేం మాత్రం చెట్టును అనుమానించాం.

మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతోందని నేను ఇక్కణ్ణుంచి తేల్చలేను. మీరు తేల్చుకోవచ్చు. ఒక నోటుబుక్కు తీసుకుని రెండు నెలలు రోజుకు ఒక్క వరుస రాయండి. దగ్గు ఎంత, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు, ఆ రోజు పొగ ఉందా, ఇల్లు దులిపారా, బాబు ఎక్కడ ఆడుకున్నాడు, పార్కులో ఏం పూసింది. ఇప్పటిదాకా ఆదివారాల తర్వాత ఎలా ఉండేదో గుర్తున్నంత మొదటి పేజీలో రాయండి. ఆ పొగను వచ్చే ఆదివారం నుంచే ఆపించండి, తేడా చూడండి. ఆ పుస్తకం డాక్టరు గారికి చూపించి, దేనికి అలర్జీయో తెలుసుకునే చర్మ పరీక్ష అవసరమా అని అడగండి. చెట్టు ఒకసారి కొడితే మళ్లీ రాదు, మీటింగులో ఎవరో అన్న మాట మీద కాక, రాసి పెట్టుకున్న దాని మీద నిర్ణయం జరగడం మేలు.

ఇక చెట్ల సంగతి. చెట్లన్నీ అమాయకమైనవని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. పుప్పొడి వల్ల అలర్జీ వస్తుంది, అది నిజం. కాకపోతే ఏ పూత పుప్పొడి అన్నది చూడాలి. తేనెటీగలు, సీతాకోకచిలుకలు వచ్చి వాలే పూలలో పుప్పొడి కాస్త బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి పెద్దగా ఎగరదు. తంగేడు, కానుగ, చింత ఇలాంటివే. గాలి మీద ఆధారపడే మొక్కలు మాత్రం సన్నటి పొడిని విపరీతంగా వదులుతాయి. గడ్డిజాతులు అలాంటివే. మీ జాగాలో నేను నిజంగా అనుమానించేవి రెండు. ఒకటి సర్కారు తుమ్మ, దాని పుప్పొడికి అలర్జీ ఉన్నవాళ్లు మన దేశంలో చాలామంది ఉన్నారు. రెండోది వయ్యారిభామ. "పిచ్చిగడ్డి, తెల్లపూలు, క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు" అని మీరు రాసింది అదే. చర్మం దురద, తుమ్ములు, ఆయాసం, అన్నిటికీ అది కారణం కాగలదు. మనదేశపు చెట్లన్నీ మంచివి, బయటినుంచి వచ్చినవన్నీ చెడ్డవి అని కూడా అనుకోవద్దు. నెమలినార అచ్చంగా మన చెట్టే, ఉత్తరాదిలో అలర్జీ తెప్పించే పుప్పొడుల్లో దానిది ముందు వరుస.

అయితే కొట్టేసిన వేప స్థానంలో పెట్టబోయేది ఏమిటి? కోనోకార్పస్. అమెరికా, ఆఫ్రికా సముద్ర తీరాల మొక్క. దాని పుప్పొడి ఎంత హాని అన్నదాని మీద వాదనలు ఉన్నాయి, నేను భయపెట్టను. కానీ ప్రభుత్వం మొక్కలు నాటించిన హరితహారం కార్యక్రమంలో దాన్ని పెట్టొద్దని తెలంగాణలో 2022లోనే చెప్పేశారు. బాబుకు ఆయాసమని చెట్లు తీసేసి ఆ మొక్క తెచ్చి పెట్టడంలో అర్థం లేదని మీ సంఘానికి ధైర్యంగా చెప్పండి.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. రకరకాల జీవాలున్న పచ్చదనం మనిషికి మేలు చేస్తుందా? చేస్తుందనే నేను నమ్ముతున్నాను, ఎందుకో చెబుతాను, ఎంతవరకో కూడా చెబుతాను.

ఫిన్లాండ్‌లో 118 మంది టీనేజి పిల్లలను పరీక్షించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటి చుట్టూ రకరకాల పూల మొక్కలు, అడవి, పొలం ఉన్న పిల్లల చర్మం మీద మేలుచేసే సూక్ష్మజీవుల వైవిధ్యం ఎక్కువగా కనిపించింది. అలర్జీ గుణం ఉన్న పిల్లల్లో ఆ వైవిధ్యం తక్కువ. అదే దేశంలో 2020లో ఇంకో అధ్యయనం వచ్చింది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లల డేకేర్ ఆవరణల్లో కంకర తీసి, అడవి నేల పొరలు, మట్టితో సహా తీసిన గడ్డి పలకలు తెచ్చి పరిచారు. 28 రోజులు పిల్లలు ఆ మట్టిలో ఆడుకున్నారు. వాళ్ల చర్మం మీద సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, ఒంట్లో రోగనిరోధక శక్తి అదుపు తప్పకుండా చూసే కణాల్లో మంచి మార్పు కనిపించింది. దీని వెనక ఉన్న ఆలోచన తేలికైనదే. మన ఒంట్లో కాపలా కాసే వ్యవస్థకు చిన్నప్పుడే ఎవరు శత్రువు, ఎవరు చుట్టం అని పరిచయం కావాలి. టైల్స్ మీదే పెరిగితే ఆ పరిచయం జరగదు, రేపు పుప్పొడిని చూసినా దొంగ వచ్చాడని గోల పెడుతుంది.

ఎంతవరకు అన్నది కూడా వినండి. అది చలిదేశం. 2020 అధ్యయనం చేసింది 75 మంది పిల్లలతో. మట్టిలో ఆడితే ఆయాసం నయమవుతుందని వాళ్లూ చెప్పలేదు. ఇప్పటికే ఆయాసం ఉన్న మీ బాబుకు ఆ పార్కు మందు కాదు. అది పోయినంత మాత్రాన జబ్బు ముదురుతుందని కూడా చెప్పలేను. మనసు విషయంలోనూ అంతే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో 2007లో వచ్చిన ఒక అధ్యయనం, పార్కులో మొక్కల రకాలు పెరిగేకొద్దీ అక్కడికి వచ్చేవాళ్ల మనసుకు నెమ్మది ఎక్కువగా ఉందని చెప్పింది. అదే నగరంలో నది ఒడ్డున చేసి 2012లో ప్రచురించిన దానిలో మొక్కల విషయంలో అలా తేలలేదు, పిట్టల రకాల విషయంలో తేలింది. అన్నిటికంటే, "ఇక్కడ చాలా రకాలున్నాయి" అని మనిషికి అనిపించడమే గట్టిగా పనిచేసింది. ఈ చివరి ముక్క మీకు చాలా పనికొస్తుంది. మీ కాలనీవాళ్లకు ఆ జాగాలో కనిపిస్తున్నది ఒక్కటే, "పిచ్చి మొక్కలు". పేరు తెలిస్తే చూపు మారుతుంది.

మీ అత్తమ్మకు ఎవరూ పేర్లు నేర్పక్కర్లేదు. ఒక రోజు పొద్దున్నే ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసుకుని పావుగంట కూర్చోండి, బాబును కూడా కూర్చోబెట్టండి. కానుగ ఆకు ఒకటి తిప్పి చూడండి. మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తాయి, ఆకు పొరల మధ్య ఒక చిన్న పురుగు తొలుచుకుంటూ పోయిన దారి అది. కొన్ని ఆకుల మీద మొటిమల్లాంటి బొడిపెలు ఉంటాయి, వాటిలో కంటికి ఆనని చిన్న నల్లులు (మంచాల్లో ఉండే నల్లులు కావు, మైట్స్) కాపురం ఉంటాయి. ఎర్ర చీమలు కొమ్మ మీద వరుస కట్టి ఉంటాయి. కింద ఎండుటాకులు వేలితో పక్కకు తీస్తే తడి మట్టి వాసన వస్తుంది, రోకలిబండ పురుగు ఒకటి చుట్ట చుట్టుకుంటుంది. ఈ పురుగుల కోసమే పిగిలిపిట్ట వస్తుంది, గోరింక వస్తుంది. వాచ్‌మన్ ఆదివారం కాలబెడుతున్నది ఈ మొత్తం సంసారాన్ని.

1984లో అమెరికా నుంచి వచ్చిన ఒక చిన్న పరిశీలన నేను క్లాసులో ఎప్పుడూ చెప్పేవాణ్ణి. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో, మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవాళ్లకంటే తొందరగా ఇంటికి వెళ్లారు, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారు. మీ అత్తమ్మ అడిగిన ప్రశ్న చిన్నది కాదు.

సంఘం వాళ్ల భయాలు కూడా చిన్నవి కావు. వాటిని తీసిపారేస్తే మీ మాట ఎవరూ వినరు. పాముల విషయంలో వాళ్లది న్యాయమైన భయం. కట్లపాము, రక్తపింజరి మన వైపు ఉన్నవే. కానీ పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది చెత్త కోసం. చెత్త మూల శుభ్రం చేసి, నడిచే దారికి రెండు వైపులా నాలుగడుగులు గడ్డి కోసి, రాత్రి వెలిగే ఒక లైటు పెడితే భయం చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పొదలు ఉన్నంతకాలం చీకట్లో పిల్లలు లోపలికి పోకూడదని నియమం పెట్టుకోవాల్సిందే.

డెంగీ విషయంలో మాత్రం వాళ్లు పొరబడుతున్నారు. డెంగీ దోమ పగలు కుడుతుంది, గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచి నీళ్లలో. కూలర్లు, డ్రమ్ములు, పూలకుండీల కింది పళ్లాలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు. పొదల నీడలో ఎదిగిన దోమలు దాక్కుంటాయి, అది నిజమే, కానీ పుట్టేది అక్కడ కాదు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోసి, పాత్రల గోడలు రుద్ది కడగాలి. చెట్లన్నీ కొట్టేసినా, సంఘం అధ్యక్షుడి మేడ మీద మూత లేని డ్రమ్ము ఉంటే డెంగీ వస్తుంది. పైగా తూనీగలు, కప్పలు, బల్లులు, గబ్బిలాలు దోమలను తినేవే, వాటికీ ఉండటానికి చోటు కావాలి.

ఇప్పుడు మీ ఆయన గురించి. ఆయన అన్న మాట తప్పు, అదీ నలుగురిలో. కానీ మీరే రాశారు, పోయిన దీపావళి తర్వాత రాత్రి ఒంటిగంటకు బాబును భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది ఆయనేనని. ఊపిరి అందని బిడ్డను మోసిన మనిషి ఏదో ఒకటి చేయాలని చూస్తాడు. డాక్టరు చేతిలో ఉన్న మందు ఆయన చేతిలో లేదు, పార్కు మాత్రం ఆయన చేతిలో ఉంది. మీరు చెట్ల తరఫున మాట్లాడుతుంటే బిడ్డకు ఎదురు మాట్లాడుతున్నట్టు ఆయనకు వినిపించింది. అందుకే నోటుబుక్కు దగ్గర మొదలుపెట్టమంటున్నాను. "చెట్లు ఉంచాలా వద్దా" అన్నది పక్కన పెట్టి, "వీడికి దేనివల్ల వస్తోందో ఇద్దరం కలిసి కనుక్కుందాం" అనండి. సోమవారం లెక్క ఆయన చేతే రాయించండి.

మీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంతలో ఇవి. ఊరుకోవచ్చు. ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది, పార్కు చూడటానికి నీట్‌గా ఉంటుంది, పొద్దున నడిచేవాళ్లు పెరుగుతారు, అదీ ఆరోగ్యమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండకు ఆ టైల్స్ మీద పది గంటల తర్వాత ఎవరూ నిలబడలేరు. రేపు బాబుకు ఆయాసం తగ్గకపోతే, ఆ నిరాశ మీ ఇద్దరి మధ్యా ఉంటుంది.

అడ్డుకోవచ్చు. చెట్లు కొట్టాలంటే అనుమతి కావాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 చెబుతోంది. అటవీశాఖకో, మున్సిపల్ ఆఫీసుకో ఒక కాగితం రాస్తే పని ఆగవచ్చు. అయితే ఆ కాగితం మీ ఆయన మీదికే వెళుతుంది. కార్యదర్శి ఆయనే కదా. రంపం గేటు దగ్గరికి వచ్చిన రోజు తప్ప ఆ పని చేయొద్దని నా ఉద్దేశం. ఆ రోజు వస్తే మాత్రం వెనకాడొద్దు.

లేదా జాగాను పంచుకోవచ్చు. నా మనసు దీనివైపే మొగ్గుతోంది, దాచను. రోడ్డు వైపు మూడో వంతు శుభ్రం చేసి నడకదారి, జిమ్ సామాన్లు, పెద్దవాళ్లకు బెంచీలు. వెనక వైపు వేప, కానుగ, చింత, సీతాఫలం అలాగే. సర్కారు తుమ్మ, వయ్యారిభామ తీసేయడం. చెత్త మూలలో ఆకుల ఎరువు గుంత, దాంతో పొగ ఆగుతుంది. చెట్లకు పేర్ల పలకలు, వాటిని పిల్లలతోనే రాయించండి. తంగేడు మీకు అండ. బతుకమ్మకు మీ వీధి ఆడవాళ్లంతా అక్కడే తంగేడు, గునుగు కోసుకున్నామని రాశారు కదా. సంఘం మీటింగుకు వచ్చేది మగవాళ్లయినా, ఆ పువ్వు పోతుందంటే ఇళ్లలో మాట పుడుతుంది. ఆ మాట మీ అత్తమ్మ మొదలుపెడితే ఇంకా మంచిది. మన పాత మర్రిచెట్టు పిల్లలమర్రి కొమ్మలకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించుకున్న ఊరు మనది. ఆ సంగతి గుర్తుచేస్తే మీ సంఘంలో కనీసం ఇద్దరు ముగ్గురు మెత్తబడతారు. ఈ దారిలో ఉన్న చిక్కు మీరు ముందే తెలుసుకోవాలి. మొదటి ఏడాది ఆ గుంత, ఆ పలకలు, ఆ గడ్డి పని అంతా మీ నెత్తిన పడుతుంది. మళ్లీ పాము కనిపిస్తే అందరూ మీ గుమ్మం వైపే చూస్తారు. అంత ఓపిక ఉందో లేదో మీరే ఆలోచించుకోండి, లేదనుకుంటే అందులో తప్పేమీ లేదు.

ఏ దారిలో వెళ్లినా వచ్చే ఆదివారం వాచ్‌మన్‌తో మాట్లాడండి. పాపం అతనికి ఆకులు ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేదు. వయ్యారిభామను మాత్రం తొలకరి పడ్డాక, పూతకు రాకముందే పీకించండి. నేల తడిగా ఉంటే వేళ్లతో సహా వస్తుంది. పీకేవాళ్లు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఆ రెండు రోజులు బాబును మీ అమ్మగారింటికి పంపండి.